కంబం సావుకారమ్మ

ఆమె కంబం మీంచి పడి చనిపోలేదు. ఈ మాట ముందే చెప్పకపోతే ఆదోనిలో ఎవరూ తక్కిన సంగతి చెవిన పెట్టరు.

ఆమెకు డెంగీ జ్వరం వచ్చింది. మూడు రోజులు మామూలు జ్వరమే అనుకుని మాత్రలు మింగింది. నాలుగో రోజు చిగుళ్ల నుంచి రక్తం కనబడితే కర్నూలుకు తీసుకుపోయాం. ఆరో రోజు పోయింది. నలభై ఏడేళ్ల వయసు. జరిగింది ఇంతే. కానీ ఇంత మామూలు చావు మా ఊరికి సరిపోలేదు.

"తలకిందులుగా ఏలాడతా ఏలాడతా జారిందంట" అని కూరగాయల మార్కెట్లో ఒకామె. "మెడ ఇరిగిందంట, ఇంట్లోవాళ్లు దాస్తాండారు" అని పాలపాకెట్ల అంగడి ముందు ఒకాయన. మా బడిలో సైన్సు చెప్పే టీచరు, ఎమ్మెస్సీ చదివినావిడ, స్టాఫ్‌రూము తలుపు దగ్గరగా వేసి "నిజం చెప్పండి మేడమ్, డెంగీ అని రాయించుకున్నారు కదా?" అని గుసగుసగా అడిగింది. దోమ కుడితే మనిషి ప్రాణం పోతుందని ఏటా పిల్లలకు పాఠం చెప్పే మనిషే.

కంబమంటే స్తంభం. నేల నుంచి పైకప్పు దాకా నిలబెట్టిన నున్నటి స్టీలు పైపు. దాన్ని పట్టుకుని పైకెక్కి, కాళ్లతో బిగించి, చేతులు వదిలి తిరిగే నాట్యం ఒకటుంది. పోల్ డాన్స్ అంటారు. మా ఊరివాళ్లు దాన్ని సినిమాల్లో చూశారు, అదీ విలన్ తాగుతూ కూర్చునే చోట. అలాంటిది, ఆదోని పత్తి వ్యాపారి భార్య, భర్త పోయిన ఏడాది తిరక్కముందే, తన ఇంటి మిద్దె మీది గదిలో ఆ కంబాన్ని నిలబెట్టించుకుంది. అంతవరకూ ఊరికంతా ఆమె సావుకారమ్మ. ఆ రోజు నుంచి కంబం సావుకారమ్మ.

నేను ఆ ఇంటి కింది వాటాలో పదహారేళ్లుగా అద్దెకుంటున్నాను. దగ్గర్లోని ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి, ఆదివారం వచ్చి సోమవారం పోతాడు. ఆ పదహారేళ్లలో మొదటి పన్నెండేళ్లు ఆమె భర్త బతికున్నాడు.

ఆ పన్నెండేళ్ల సావుకారమ్మను తలచుకుంటే మొదట కనిపించేవి ఆమె జాకెట్ చేతులు. మే నెలలో, ఆదోని బండమిద్దెలు పెనాల్లా కాలే రోజుల్లో, మణికట్టు దాకా చేతులున్న జాకెట్ తొడుక్కునేది. మాట్లాడేటప్పుడు నా మొహం చూసేది కాదు, నా కాలి మెట్టెల్ని చూసేది. మధ్యాహ్నం ఒంటిగంటకు వీధి మలుపులో బండి చప్పుడు వినిపిస్తే మాట సగంలో ఆపి మెట్లెక్కేది. మరునాడు కనబడినా ఆ మాట పూర్తి చేసేది కాదు. ఆమె సగం మాటలు నా దగ్గర ఎన్ని మిగిలిపోయాయో.

ఆమె భర్త మంచివాడు. ఇది నా మాట కాదు, ఊరి మాట. మార్కెట్ యార్డులో హమాలీలను కూడా "అప్పా" అని పిలిచేవాడు. గురువారం గురువారం మంత్రాలయం పోయేవాడు. మాది మంత్రాలయం పక్కన మాధవరం, మా నాన్న అక్కడ గుడిలో అర్చకుడు. ఆ సంగతి తెలిసి నాకు ప్రత్యేకంగా ప్రసాదం తెచ్చేవాడు. చెప్పులు గడప అవతల విప్పి, తల వంచి, రెండు చేతులతో అందించేవాడు. నేను కళ్లకద్దుకుని తీసుకునేదాన్ని.

ఆ రెండు చేతులతోనే మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఆమెను కొట్టేవాడు. రోజూ కాదు. వారంలో రెండు రోజులో మూడు రోజులో. అరుపులు వినబడేవి కావు. కంచం నేలకు తగిలే చప్పుడు, తర్వాత గోడకు ఏదో మెత్తటిది తగిలినట్టు చప్పుడు. మా వంటింటికి సరిగ్గా పైనే వాళ్ల భోజనాల గది. బడి దగ్గరే కనుక నేనూ ఆ వేళకు భోజనానికి ఇంటికొచ్చేదాన్ని.

ఒకరోజు ఆమె కిందికొచ్చి "కొంచెం పసుపుంటే ఇస్తారా టీచరమ్మా, మాది అయిపోయింది" అంది. సావుకారి ఇంట్లో పసుపు అయిపోవడమేమిటి? ఎడమ కన్ను కింద నల్లగా కమిలి ఉంది. "మెట్ల మీద జారినాను" అని నేనడగకుండానే చెప్పింది. నేను పసుపు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చి, "మెట్లు నున్నగా ఉన్నాయి, జాగ్రత్తగా ఉండండి" అన్నాను. తెలుగు పండిట్‌ను. ఆ పూట నా భాషంతా కలిపి అంతే పలికింది.

నాలుగేళ్ల కిందట ఆయన మార్కెట్ యార్డులో గుండె ఆగి పడిపోయాడు. శవాన్ని ఇంటికి తెచ్చారు. ఎమ్మిగనూరు నుంచి ఆయన అక్క వచ్చింది. ఆ ఇంటి మంచిచెడ్డలన్నింటికీ ఆమే పెద్ద. గది నిండా ఆడవాళ్లు కూర్చుని సావుకారమ్మ మొహం వైపు చూస్తున్నారు, సినిమా మొదలు కావడానికి తెర వైపు చూసినట్టు. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. ఎమ్మిగనూరు ఆడబిడ్డ దగ్గరికి జరిగి, ఆమె తొడ మీద గిల్లి, "ఏడువమ్మా, నలుగురూ సూస్తాండారు" అంది.

ఆమె మెల్లగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు, "రావడంలేదు వదినా" అంది.

ఆ ఒక్క మాట ఏడాది పాటు రెండూళ్లలో తిరిగింది. ఎంత రాతిగుండె అన్నారు. పిల్లలు లేని గుండె అంతేలే అన్నారు. దేవుడిలాంటి మొగుడు పోతే కంట నీటిబొట్టు లేదన్నారు.

నేను చూసింది వేరు. కర్మలన్నీ అయ్యాక కూడా ఆమె రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు మెట్ల మీదికొచ్చి కూర్చునేది. రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని, తల ఒకవైపు వంచి వినేది. వీధిలో ఏ బండి ఆగినా భుజాలు చెవుల దాకా లేచేవి. అన్నం సహించేది కాదు. నిద్ర లేదు. ఒకరోజు నేనే అడిగాను. ఆమె నా మెట్టెల్ని చూస్తూనే చెప్పింది.

"ఆయప్ప సచ్చిపోయినాడని నాకు తెలుసు టీచరమ్మా. ఈ ఒంటికి తెల్దు. ఎంత చెప్పినా వినదు."

చెల్లెలు బెంగళూరు నుంచి వచ్చి తనతో తీసుకుపోయింది. అక్కడ డాక్టర్లకు చూపించారు, మందులు వాడారు. ఒక్కదాన్నే ఇంట్లో వదలడానికి భయపడి, చెల్లెలి కూతురు తాను పోయే పోల్ డాన్స్ క్లాసుకు రోజూ ఈమెను వెంటబెట్టుకుపోయేది. ఈమె చెప్పులు విడిచే చోట బల్ల మీద కూర్చునేది. మూడో వారంలో ఆ క్లాసు నేర్పే పిల్ల "ఆంటీ, ఊరికే ఒకసారి పట్టుకోండి" అంది. ఈమె లేచి పట్టుకుంది. క్లాసు అయిపోయేదాకా వదల్లేదట. ఏమీ చేయలేదు, ఊరికే రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆ మధ్యాహ్నం ఒంటిగంట ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదని నాతో చెప్పింది. అది చెప్పేటప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసింది.

ఏడు నెలల తర్వాత తిరిగొచ్చింది. వచ్చిన వారానికే "ఎమ్మిగనూరు దాకా తోడు వస్తారా టీచరమ్మా? గేట్లు, రెయిలింగులు చేసే సాయిబు ఒకాయన ఉండాడంట" అని అడిగింది. పెళ్లయ్యాక ఆమె ఒంటరిగా బస్సెక్కింది లేదు. బస్సులో పోతూ ఏం కావాలో వివరంగా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు కూడా.

"మనసు బాగుపడడానికి కంబం ఎక్కాలా సావుకారమ్మా? భజన చేసుకోండి, పారాయణం చేసుకోండి."

"ఇరవై రెండేండ్లు చేసినాను కదా" అంది ఆమె.

స్టీలు సాయిబు అరవై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కొలతలు రాసిన కాగితం చూశాడు.

"పైపు యాడికమ్మా? జెండాకా?"

"కాదు. ఆడేదానికి. నేనే."

నేను పక్కకు తిరిగి అంగట్లో వేలాడే తాళాలు చూస్తున్నట్టు నటించాను. సాయిబు మాత్రం నవ్వలేదు. కాగితం ఇంకోసారి చూసి, "ఎంత బరువు మొయ్యల్ల?" అన్నాడు.

"డెబ్బై కేజీలు ఏసుకో భాయ్. ఇంకో పది ఎక్కువ ఏసుకో. కోపమొస్తే బరువెక్కువుంటాను."

"మిద్దెకు ఇనుప దూలముందా, ఉత్త బండలేనా?"

"దూలముంది."

"అట్లయితే భయంలేదు. కింద ప్లేటు బోల్టులతో బిగిస్తాను. పైపుకు నడుమ అతుకు ఉండకూడదు, ఒకే పీసు ఏస్తాను. అతుకుంటే చెయ్యి కోసుకుంటాది."

రెండు ఊళ్లలో ఆ కంబం గురించి తెలివైన ప్రశ్నలు వేసిన మనిషి అతనొక్కడే. డిగ్రీలున్న నాకు తట్టనివి.

కంబాన్ని బిగించింది ఆమె భర్త పత్తి నమూనాలు పెట్టుకునే గదిలో. పొట్లాలు కట్టి, చీటీలు అంటించి పెట్టిన పత్తి అలమారాల నిండా అలాగే ఉంది. ఆమె అదంతా బయటికి లాగి, ఏకించి, పరుపు కుట్టించింది. మామూలు పరుపుకు రెండింతల మందం. కంబం చుట్టూ పరిచి, చేత్తో తట్టి, "ఆయప్ప పత్తే. ఇప్పటికి ఒక పనికొచ్చినాడు" అంది. సావుకారమ్మ ఎగతాళి చేయడం నేను వినడం అదే మొదలు.

పొద్దున్నే, ఎండెక్కక ముందు ఆడేది. చెమట పడితే కంబం జారుతుంది. చేతులకు ఏదో తెల్లటి పొడి రాసుకునేది, అది కూడా బెంగళూరు నుంచే వచ్చేది. మోకాళ్ల పైదాకా నిక్కరు, చేతుల్లేని బనియను. ఆ బట్టల్లో ఆమెను చూసి నేను గడప దగ్గరే ఆగిపోతే, "బట్ట జారుతాది టీచరమ్మా. చర్మమే పట్టుకుంటాది" అంది.

సినిమాల్లో చూసిందేదీ అక్కడ లేదు. బొజ్జ ఉన్న, తొడలు దళసరి అయిన నడివయసు మనిషి ఒక ఇనుప గొట్టంతో కుస్తీ పడుతోంది. చర్మం స్టీలుకు ఒరుసుకుని కీచుమనేది. రెండడుగులు ఎక్కి జారేది. మళ్లీ ఎక్కేది. పళ్లు బిగించేది. బూతులు తిట్టేది. ఆమెకు బూతులు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఫోను గోడకు ఆనించి పెడితే, బెంగళూరులో క్లాసు నేర్పిన పిల్ల అందులోంచి పాఠం చెప్పేది. ఒకరోజు ఆ పిల్ల ఉత్సాహంగా "ఆంటీ, ఇది మీ హీలింగ్ జర్నీ, ఎంజాయ్ చేయండి" అంది. ఈమె కంబం మీదనుంచే జవాబిచ్చింది.

"హీలింగూ లేదు గీలింగూ లేదు. పట్టుకోవల్ల, జారకూడదు. అంతే. నువ్వు కాలు యాడ పెట్టల్లనో చెప్పు."

తర్వాత నాకు విడమరిచి చెప్పింది. "పైన ఉన్నంతసేపూ మనసు యాడికీ పోదు. పోతే పడతాం. నాకు కావల్సింది అంతే టీచరమ్మా. దినానికి ఒక గంట యాడికీ పోకుండా ఈడనే ఉండడం."

మొదటి నెల ఒళ్లంతా కమిలిపోయింది. పిక్కల మీద, మోకాళ్ల వెనక, మోచేతి మడతల్లో నీలం, ఆకుపచ్చ, పసుపు మచ్చలు. వాటిని దాచలేదు. జాకెట్ చేతులు మోచేతి పైకి పోయాయి. నేను వారించబోతే చెయ్యి చాచి, ఒక్కొక్క మచ్చ మీదా వేలు పెట్టి, "ఇది మొన్న ఎక్కేటప్పుడు. ఇది నిన్న దిగేటప్పుడు. అన్నీ నేను చేసుకున్నవే. దేనికేమి కారణమో నాకు తెలుసు" అంది. అదివరకటి మచ్చలకు కారణం ఏమిటో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు కాబోలు. పప్పులో ఉప్పు కావచ్చు, పత్తి ధర కావచ్చు.

ఆరో నెలలోనో ఏడో నెలలోనో మొదటిసారి తలకిందులైంది. కాళ్లు కంబానికి బిగించి, చేతులు వదిలేసింది. జుట్టు ఊడి పరుపు మీదికి వేలాడుతోంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. తలకిందులు కనుక అవి చెంపల మీదికి రాలేదు. కనుబొమల మీదుగా నుదుటికి, నుదుటి నుంచి జుట్టులోకి పోయాయి. అలాగే చాలాసేపు వేలాడుతూ ఏడ్చింది. వెక్కిళ్లతో కంబం అదిరింది. దిగి, మొహం తుడుచుకుని, నావైపు కోపంగా చూసి, "ఛీ, కండ్లల్లో చెమట పడింది" అంది.

ఇక ఊరి సంగతి. గిన్నెలు తోమే మనిషి చూసి నాలుగిళ్లలో చెప్పింది. ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మా ఇంటి ఎదుటి టీ అంగట్లో పొద్దున్నే మగవాళ్లు ఎక్కువయ్యారు. పై కిటికీ వైపు చూస్తూ చల్లారిన టీ తాగేవాళ్లు. కిటికీకి ఆమె మందపాటి దుప్పటి కట్టింది. దుప్పటి వైపు కూడా చూశారు. భజన మండలి ఆడవాళ్లు ఆమెను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఆ మండలిలోని ముగ్గురు, వేరువేరు రోజుల్లో, వెనక సందులోంచి వచ్చి, "అది ఎక్కితే నడుమునొప్పి పోతుందంట కదా?" అని అడిగి పోయారు. ముగ్గురికీ ఒకటే జవాబు, "ఎక్కి చూడండి." ఒక్కరూ ఎక్కలేదు. ముగ్గురూ బయటికి పోయి యథాప్రకారం నవ్వారు.

చివరికి ఆమె మరిది, ఎమ్మిగనూరు ఆడబిడ్డ, వాళ్ల కులపెద్దలు ఇద్దరు పంచాయితీకి వచ్చారు. ఇల్లు ఆమెకు ఆమె తండ్రి రాసిచ్చింది. అందుకని ఇంట్లోంచి పొమ్మనడానికి లేదు. మతి చలించిందని తేలిస్తే మరిది ఇంట్లో ఒక గదిలో పెట్టి చూసుకుంటారట, ఈ ఇల్లు కూడా చూసుకుంటారట. ఇంటిల్లిపాదికీ ఆమె మీద అంత ప్రేమ. నన్ను కూడా పిలిచారు, చదువుకున్న మనిషి ఉంటే బాగుంటుందని.

ఆడబిడ్డ సావుకారమ్మ మోచెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. మచ్చలు చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఎవురు నిన్ను ఇట్ల కొడతాండేది? సెప్పు. ఎవడొస్తాండాడు ఇంటికి?"

సావుకారమ్మ నవ్వింది. చిన్నగా మొదలై, పెద్దగా, ఆపుకోలేనంత నవ్వు. మరిది పెద్దల వైపు చూసి తల ఊపాడు, చూశారు కదా అన్నట్టు.

"ఇరవై రెండేండ్లు ఈ చేతుల మీద మచ్చలుండె వదినా. ఒక్కరోజన్నా అడిగినావా? మీ తమ్ముడు చేసినప్పుడు ఒక్కరికీ కండ్లు కనపడల్యా. నేను చేసుకుంటే అందరికీ కనపడె."

"పోయినోని మీద నిందలు ఎయ్యద్దు వదినా. మా అన్న దేవుడు" అన్నాడు మరిది.

"ఈ టీచరమ్మను అడగండి" అంది ఆమె. "కింద ఉంటాది. పన్నెండేండ్లు విన్నది."

అందరూ నావైపు తిరిగారు. ఆమె కూడా తిరిగింది. ఆ చూపులో ప్రాధేయపడడం లేదు. లెక్క తెలిసిన పిల్లను బోర్డు దగ్గరికి పిలిచినట్టు మామూలుగా చూసింది.

నేను ఏం ఆలోచించానో దాచకుండా చెబుతాను. ఈ ఇల్లు మరిది చేతికి పోతే నన్ను ఖాళీ చేయిస్తాడని ఆలోచించాను. బడి కరస్పాండెంటూ ఇతనూ స్నేహితులని ఆలోచించాను. ఆయన రెండు చేతులతో ఇచ్చిన ప్రసాదం కూడా గుర్తొచ్చింది, అదే నాకు అన్నింటికంటే అసహ్యం.

"నేను పగలంతా బడిలో ఉంటాను. నాకేం తెలుస్తుంది" అన్నాను.

ఆమె లేచి లోపలికి పోయింది. కాసేపటికి కంబం గదిలోంచి చర్మం స్టీలుకు ఒరుసుకునే కీచు వినిపించింది. పెద్దమనుషులు కాఫీలు తాగుతూ ఆ చప్పుడు విన్నారు.

మరునాడు మధ్యాహ్నం ఆమె కిందికొచ్చింది. నేను భోజనం చేస్తున్నాను. వంటింటి గడప మీద నిలబడి, గట్టు మీదున్న మిక్సీ వైపు చూసింది.

"ఒకటి అడుగుతాను టీచరమ్మా. ఆయప్ప అన్నానికి వచ్చినప్పుడల్లా కింద మీ మిక్సీ తిరిగేది. పదినిమిషాలు, పావుగంట. నేను పైన గోడకు ఆనుకుని అది వింటా ఉంటి. అంతసేపు ఏం రుబ్బేవాళ్లు?"

నిజమే. పైన చప్పుడు మొదలవగానే నేను ఖాళీ జార్ పెట్టి మిక్సీ తిప్పేదాన్ని. ఒక్కోసారి ఖాళీగా తిప్పితే కాలిపోతుందని గుప్పెడు శనగపప్పు వేసేదాన్ని. మిక్సీ మీద అంత దయ.

"తప్పయింది" అన్నాను.

"ఐతే?" అంది ఆమె.

 ఆమె క్షమించానని ఎప్పుడూ అనలేదు. ఖాళీ చేయమని కూడా అనలేదు. మరిది పట్టుబట్టి ఆమెను కర్నూలులో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోతానంటే, తానే ముందు కారెక్కి కూర్చుంది. డాక్టరు గంటసేపు ఆమెతో విడిగా మాట్లాడి, మరిదిని లోపలికి పిలిచి, ఆమెకు ఏ జబ్బూ లేదు, చేస్తున్నది మానిపించవద్దు అన్నాడట. ఆపైన తన కుడి భుజం లేవడంలేదని, దీనికేమైనా ఉపాయముందా అని ఆమెను అడిగాడట. ఈ కథను ఆమె నాకు మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ మరిది మొహం ఎలా పెట్టాడో చేసి చూపించింది.

బాగుపడడమంటే మంచిగా తయారవడం అనుకుంటాం. సావుకారమ్మ బాగుపడి గయ్యాళి అయింది. తూకం తగ్గిన టమోటాలను బండివాడి ముందే పోసి మళ్లీ తూయించేది. ఒకసారి బస్సులో కాలు తగిలించిన మగవాడి కాలు తొక్కి నిలబడి, నందవరం వచ్చేదాకా దించలేదు. నా వంట బాగాలేకపోతే బాగాలేదని మొహాన చెప్పేది. మామిడిపండు మోచేతుల దాకా రసం కారుస్తూ మెట్ల మీద కూర్చుని తినేది. ఒంటిగంటకు వీధిలో బండి ఆగితే, టెంక చీకుతూ, ఎవరొచ్చారో అని తల తిప్పి చూసేది. భుజాలు కదిలేవి కావు. బెంగళూరు పిల్ల మాటను ఆమె ఒప్పుకోలేదు కానీ, నయమైంది అనే దానికి నేను ఇంతకంటే గట్టి రుజువు చూడలేదు.

నేను రోజూ పొద్దున్నే పైకి పోయేదాన్ని. ఎందుకు పోయేదాన్నో చెప్పలేను. పరుపు సర్దేదాన్ని, ఫోను పట్టుకునేదాన్ని. ఒకసారి "మీరూ పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. కాళ్లు నేల మీంచి లేపి మూడు లెక్కపెట్టగానే పడ్డాను. ఆమె లేవనెత్తలేదు. "మూడన్నా ఉన్నారే" అని, తన వంతుకు పైకెక్కింది.

ఆఖరి పొద్దున, కర్నూలులో, రక్తం ఎక్కిస్తున్న మంచం మీద, నన్ను దగ్గరికి పిలిచింది. ఏదో పెద్ద మాట చెబుతుందనుకున్నాను. "నర్సుకు చెప్పండి, సూది ఈ చేతికి వద్దు, ఆ చేతికి పెట్టమనండి. ఇది పట్టు చెయ్యి" అంది.

కర్మల రోజు కల్యాణమండపంలో సంతాపసభ పెట్టారు. మరిది ఖర్చుకు వెనకాడలేదు. ఇల్లు ఇప్పుడు ఎవరికి పోతుందో ఇంకా తేలలేదు, ప్రేమ తగ్గించడానికి వీల్లేని సమయం. అతను మైకు పట్టుకుని, తన అన్న పోయిన దుఃఖం తట్టుకోలేక వదినె భక్తిమార్గం పట్టిందని, ఆ దంపతుల అన్యోన్యత ఆదోనికే ఆదర్శమని చెప్పాడు. కులపెద్ద ఒకాయన వ్యాయామం పట్ల ఆమెకు శ్రద్ధ అన్నాడు. ఆ మాటకు వెనక వరుసల్లో ఎవరో నవ్వారు. భజన మండలి ఒక పాట పాడింది. తర్వాత, కింద ఇంట్లో పదహారేళ్లున్న టీచరమ్మ రెండు మాటలు చెబుతుందని నన్ను పిలిచారు.

నేను లేచి వెళ్లాను. రెండు చేతులతో మైకు పట్టుకున్నాను.

"ఆయన ఆమెను కొట్టేవాడు" అన్నాను. "పన్నెండేళ్లు నేను కింద ఉండి విన్నాను. ఒక్కసారి కూడా పైకి పోలేదు. పంచాయితీలో అడిగితే నాకు తెలియదని అబద్ధం చెప్పాను. ఆమె కంబం ఎక్కింది ఆ దెబ్బలను ఒంట్లోంచి దించుకోవడానికి. దానికి మనమందరం నవ్వాం. నేనూ నవ్వాను."

 మరిది లేచి మైకు లాక్కుంటాడనుకున్నాను. ఎవరైనా తిడతారనుకున్నాను, ఛీ అంటారనుకున్నాను. ఎవరైనా ఏడుస్తారని కూడా, ఏ మూలో, ఆశపడ్డాను.

ముందు వరుసలో కూర్చున్న ఎమ్మిగనూరు ఆడబిడ్డ కొంగు సర్దుకుంది. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. ఆలస్యమైన బస్సు గురించి మాట్లాడినట్టు మాట్లాడింది.

"మాకు తెల్దా ఏమి టీచరమ్మా? అందరికీ తెలుసు. కూకో, ఇస్తర్లు ఏస్తాండారు."

జనం భోజనాలకు లేచారు.